మా బావ గీసిన తెల్ల గీతలు

మా బావని కొండ దగ్గర అందరూ గీతలాయన అంటారు. ఎదురుపడితే మాత్రం మాస్టారూ అంటారు. ఆయన ఏ స్కూల్లోనూ పాఠం చెప్పలేదు. కొండ దిగే సైకిళ్లు బాగుచేసే మెకానిక్. మా అక్క భర్త. నేను ఆ సైకిళ్లని ట్రాలీకెత్తి, తొక్కేవాళ్లని ట్రక్కులో కూర్చోబెట్టుకుని కొండపైకి లాక్కెళ్లే డ్రైవర్ని. ఇరవై ఆరేళ్లుగా ఇదే బతుకు. ఎక్కించు, పైకి వెళ్లు, దింపు, కిందికి రా, మళ్లీ ఎక్కించు. నా నడుం సంగతి తర్వాత చెబుతాను, ఎలాగూ కథలోకి వస్తుంది.

ఈ సైకిళ్ల గురించి తెలియనివాళ్లకి ముందే ఒక మాట. ఇవి సరుకులు తెచ్చుకునే సైకిళ్లు కావు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ కూడా కుదుపులు మింగే షాకులుంటాయి. రాళ్ల మీదా, చెట్ల వేళ్ల మీదా ఎగురుతూ, చెక్క బల్లల అంచుల మీంచి దూకుతూ కిందికి దిగడానికే వీటిని చేశారు. పైకి తొక్కమంటే మాత్రం మొరాయిస్తాయి, ఒక్కొక్కటీ బండ బరువు. అందుకే నేనూ నా ట్రక్కూ. మా దగ్గర అద్దెకిచ్చేవి ముప్పై ఆరు. ముప్పై ఆరూ మా బావ చేతి మీదే బతుకుతున్నాయి.

ఆయన షెడ్డు కొండ అడుగున, టిక్కెట్ల గది వెనకాల. రేకుల కప్పు, ఒకటే కిటికీ. గోడ మీద ప్రతి పానా వెనకా దాని ఆకారం గీసి ఉంటుంది, తగిలించని పానా ఏదో దూరం నుంచే తెలిసిపోయేలా. మూలన గాలి నింపే కంప్రెసరు రోజంతా గురక పెడుతూ ఉంటుంది. బ్రేకు డిస్కులు తుడిచే గుడ్డలు నీలం డబ్బాలో, నూనె గుడ్డలు ఎర్ర డబ్బాలో. పద్నాలుగేళ్ల కిందట నేను పొరపాటున ఎర్ర డబ్బాలోని గుడ్డతో ఒక డిస్కు తుడిచాను. ఇప్పటికీ ఇంటికి చుట్టాలొస్తే ఆ సంగతి తీస్తాడు. "మావాడు బ్రేకులకి నూనె రాసే రకం. కాఫీ వాడిచేత పెట్టించకండి" అంటాడు. నేను నవ్వుతాను. నవ్వక ఏం చేస్తాను.

గీతల సంగతి చెప్పాలి. ఒక్కో సైకిల్లో ప్రాణం మీదికి తెచ్చే బోల్టులు పద్దెనిమిది అని మా బావ లెక్క. ఒక్కో బోల్టూ బిగించాక, దాని తల మీంచి పక్కనున్న లోహం మీదికి తెల్ల పెయింటు పెన్నుతో సన్నటి గీత గీస్తాడు. తర్వాత ఆ బోల్టు వెంట్రుకవాసి తిరిగినా గీత విరిగి కనబడుతుంది. పొద్దున్నే చూసేవాడికి పానా అక్కర్లేదు, కళ్లుంటే చాలు. విరిగినవి మాత్రం మళ్లీ బిగించి కొత్త గీత గీస్తాడు. రోజుకి ఆరు సైకిళ్లు చొప్పున పూర్తిగా విప్పి, తుడిచి, మళ్లీ మొదట్నుంచి బిగిస్తాడు. షెడ్డులో ఒకటే నియమం. బిగించినవాడే గీయాలి. ఒకరు బిగిస్తే ఇంకొకరు గీయకూడదు. గీత లేని బండి గేటు దాటకూడదు.

బిగించడానికి ఒక పానా ఉంది, మేం టిక్కు పానా అంటాం. ఎంత బిగువు కావాలో దాని పిడి మీద తిప్పి పెట్టుకుంటే, అంత బిగువు రాగానే లోపల టిక్కుమంటుంది. ఇంకా తిప్పితే బోల్టు తెగుతుంది, తిప్పకపోతే వదులవుతుంది, ఆ టిక్కు దగ్గర ఆగాలి. చాలా చిన్న చప్పుడది. కంప్రెసరు గోలలో ఎవడికీ వినపడదు. మా బావ చెవితో వినడు, అరచేతితో వింటాడు. పిడి చేతిలో చిన్నగా ఉలిక్కిపడుతుందనీ, అది తెలియనివాడు ఈ పనికి పనికిరాడనీ నాకే వందసార్లు చెప్పాడు.

ఇక ఆయన పాఠం. రోజూ ఎనిమిదిన్నరకి అద్దెకి వచ్చినవాళ్లని షెడ్డు ముందు నిలబెట్టి పావుగంట చెబుతాడు. డాక్టరైనా సరే, తలకి హెల్మెట్టు పెట్టుకుని నిలబడి వినాల్సిందే.

"సీటు ఉంది కదాని కూర్చోకండి, దిగేటప్పుడు అది మీది కాదు. పెడళ్ల మీద నిలబడండి. మడమలు కిందికి, మోచేతులు వంచి. చూపు చక్రం మీద పెడితే చక్రంతోపాటే పడతారు, వెళ్లాల్సిన చోటు చూడండి. బ్రేకు మీద ఒక్క వేలు చాలు. మలుపులోకి వెళ్లాక కాదు, వెళ్లకముందే పట్టండి. ముందు బ్రేకంటే భయపడి వెనకదొక్కటే పట్టుకుని ఈడ్చుకుంటూ దిగకండి, రెండూ మెత్తగా పట్టండి."

ఆ తర్వాత ఒక్కొక్కర్నీ సైకిలెక్కించి, షాకు కడ్డీ మీదున్న రబ్బరు రింగు ఎంత కిందికి జారిందో చూస్తాడు. దాన్నిబట్టి షాకులో గాలి పెంచడమో తగ్గించడమో చేస్తాడు. "నువ్వు తిన్న తిండికి ఈ గాలి చాలదు నాయనా" అని పంపు తెస్తాడు. జనం నవ్వుతారు. ఇరవై ఆరేళ్లుగా అదే మాట, అదే నవ్వు.

అదీ మా బావ. ఇప్పుడు పోస్టావిడ గురించి.

ఆమె వారమంతా మామూలు సైకిలు మీద ఉత్తరాలు పంచుతుంది. నలభై ఏళ్లుంటాయి. శనివారం శనివారం మా దగ్గరికి వచ్చి కొండ దిగుతుంది. తొందరపడదు, గొప్పలకి పోదు, మా బావ చెప్పింది చెప్పినట్టు చేస్తుంది. ఆయనకి ఆమె అంటే గురి. చలి తగ్గిన కొత్తల్లో ఒక శనివారం, మూడో మలుపు ముందున్న చెక్క బల్ల మీంచి దూకి నేల తాకీ తాకగానే ఎగిరి ముందుకి పడింది. మణికట్టు రెండు చోట్ల విరిగింది. నా ట్రక్కులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాను. దారిపొడుగునా ఒకటే మాట అంటోంది.

"నా తప్పే అన్నా. దూకాక ముందు బ్రేకు గట్టిగా పట్టేసుంటాను. ఎలా పట్టానో నాకే తెలీదు."

మర్నాడు మా బావ చూడ్డానికి వెళ్లాడు. నేనూ పక్కనే ఉన్నాను. ఆమె మంచం మీంచి లేవబోతూ, "బండి పాడుచేశాను మాస్టారూ, ఏమీ అనుకోకండి" అంది. మా బావ "పర్లేదమ్మా" అన్నాడు. వస్తూ దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆమెని చూసి బాధపడ్డాడనుకున్నాను.

మూడు వారాలు గడిచాయి. ఒకరోజు కొండ మీద ట్రాలీలోంచి సైకిళ్లు దింపుతున్నాను. ఒకదాన్ని హ్యాండిల్ బారు పట్టుకుని లాగితే సైకిలు రాలేదు, బారు మాత్రం నా వైపుకి తిరిగింది. బారుని పట్టి ఉంచే బోల్టులు నాలుగు. వంగి చూశాను. నాలుగింటి మీదా నాలుగు తెల్ల గీతలు, నీట్‌గా, ఒక్కటీ విరగలేదు. జేబులో ఉన్న చిన్న పానాతో తిప్పితే రెండు బోల్టులు అరచుట్టు చొప్పున తిరిగాయి.

గీత విరిగి బోల్టు వదులైతే అది దారి చేసిన పని. గీత విరక్కుండా బోల్టు వదులుగా ఉందంటే అది గీసినవాడు చేసిన పని. టిక్కు రాకముందే ఆపేసి గీశాడన్నమాట. కొండ దిగే ప్రతివాడూ ఆ గీతని నమ్మే మెడ అప్పగిస్తున్నాడు. మా బావ అలా గీశాడంటే నమ్మబుద్ధి కాలేదు. కానీ అంతకుముందు నెలలో ఒక బారు ఆయన చేతిలోనే, అతిగా బిగిసి చిట్లిపోయింది. "పాతదైపోయింది" అన్నాడు. శీతాకాలంలో ఇంట్లో రెండు గ్లాసులు జారవిడిచాడు. అక్క "వయసు మీద పడుతోంది" అంది. అవన్నీ వరసగా గుర్తొచ్చాయి. పోస్టావిడ కూడా గుర్తొచ్చింది. ఆమెని మాత్రం గబగబా మనసులోంచి తోసేశాను.

బోల్టులు బిగించాను. తిరిగేసరికి పాత గీతలు విరిగాయి కదా. గోటితో గీకేసి, ట్రక్కులో ఉన్న తెల్ల పెన్నుతో కొత్తవి గీశాను. పక్కన ఎవరూ లేరు.

ఆ సాయంత్రం చేతులు కడుక్కుంటున్నప్పుడు అడిగాను.

"బావా, నీ చెయ్యి బాగానే ఉందా?"

"నీ నడుం బాగానే ఉందా?"

"బాగానే ఉంది."

"నాదీ అంతే."

అయిపోయింది. అంతకంటే అడగడానికి నాకు నోరు రాలేదు. ఈ కొండ వ్యాపారం నడిపే మేనేజరమ్మకి చెబితే ఆ పూటే ఆయన్ని ఇంటికి పంపేస్తుంది. పంపాలి కూడా. కానీ ఇంటికొచ్చి ఏం చేస్తాడాయన? మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం, వాళ్లు పైన, నేను కింద. సోమవారం సెలవు. ఆ ఒక్కరోజే ఇంట్లో ఉండలేక తలుపు బందులన్నీ విప్పి బిగిస్తాడు, గీతలు గీస్తాడు. మా అక్క కుక్కరు పిడి మీద కూడా గీత ఉంది. అలాంటి మనిషికి నీ చేతులు ఇక పనికిరావని ఎవడు చెబుతాడు? నేనైతే చెప్పలేను. చెప్పకుండా ఉంటే ఎవడిదో మెడ విరుగుతుంది. మింగలేక కక్కలేక మూడు రోజులు తిరిగాను.

చివరికి పిరికివాళ్లందరూ చేసే పనే చేశాను. షెడ్డులో పాత సామాన్ల పెట్టెలోంచి ఒక పాత టిక్కు పానా ఎత్తుకొచ్చి ట్రక్కు సీటు కింద పెట్టుకున్నాను. కొండపైన జనం మోకాళ్ల కవచాలు, చేతి తొడుగులు వేసుకునే పది నిమిషాల్లో, ట్రాలీ వెనక చేరి ప్రతి సైకిలుకీ మెడ విరిచే బోల్టులు చూడటం మొదలుపెట్టాను. బారుకి నాలుగు, ముందు ఇరుసుకి ఒకటి. విడతకి పన్నెండు సైకిళ్లు. వదులున్నవి బిగించడం, గీకడం, గీయడం. ఎవరైనా అడిగితే "ట్రాలీలో గీతలు పడ్డాయేమో చూస్తున్నా" అనేవాణ్ణి. అబద్ధాలు చెప్పడం కూడా నాకు సరిగ్గా రాదు.

రోజుకి ఆరు విడతలు. మొదటి వారం ఎలాగో లాగాను. రెండో వారానికి ఒళ్లు హూనమైంది. ట్రక్కు తోలడం, సైకిళ్లు ఎత్తడం చాలవన్నట్టు ఇదొకటి. వంగి వంగి నడుం బిగుసుకుపోయేది. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుని ఎక్కేవాణ్ణి. అన్నం ముందు కూర్చుని నిద్రపోయేవాణ్ణి. "ఏంట్రా తమ్ముడూ, కొండని నువ్వే మోస్తున్నావా?" అనేది మా అక్క. ఎదురుగా కూర్చున్న మా బావ తలెత్తకుండా తినేవాడు. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చేదంటే, ఆ ప్లేటు తీసి విసిరేద్దామనిపించేది. ఈయన గీసుకుంటూ పోతాడు, నేను వెనకే గీకుకుంటూ పోవాలి. ఎన్నాళ్లు? చచ్చేదాకానా? అంతలోనే, గ్లాసు జారకుండా రెండు చేతులతో పట్టుకుని ఆయన నీళ్లు తాగడం కనబడేది. ఇక ఏమనాలి? కంచం దగ్గర్నుంచి లేచి వెళ్లి పడుకునేవాణ్ణి.

రెండు నెలలు దాటింది అలా. ఎవరూ పడలేదు.

ఒక శుక్రవారం సాయంత్రం ఆఖరి సైకిలు ఎత్తుతుండగా నడుం పట్టేసింది. వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. ఇద్దరు పట్టుకుని ఇంటికి చేర్చారు. డాక్టరు వారం కదలొద్దన్నాడు. పక్క మీద పడుకున్నాక మొదట వచ్చిన ఆలోచన నొప్పి గురించి కాదు. రేపు శనివారం, కొండ మీద సైకిళ్లు ఎవరు చూస్తారు? మా బావ వచ్చి పక్కన కూర్చుని, "ట్రక్కు మన కొండ దగ్గరి తోటమాలి తోలతాడట, నువ్వు పడుకో" అన్నాడు. చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. నీళ్లు నమిలాను. ఆయన లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు తొమ్మిదింటికి మేనేజరమ్మ ఫోను.

"మీ బావగారికేమైందండీ? ఒక్క బండి ఇవ్వనంటున్నారు. ముప్పై మంది నిలబడున్నారు. ఏమడిగినా ఒకటే మాట, మా బావమరిది రాలేదు బళ్లు కదలవు అని. మీరు డ్రైవరు కదా, మీకూ బళ్లకీ ఏంటి సంబంధం?"

లేచాను. ఎలా లేచానో నాకే తెలియదు. మా అక్క తిడుతూనే నన్ను తన స్కూటరు వెనక బస్తాలా వేసుకుని కొండ దగ్గర దించింది.

షెడ్డు ముందు ముప్పై ఆరు సైకిళ్లూ వరసగా నిలబెట్టి ఉన్నాయి. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కదాని మీదా ఒక్క తెల్ల గీత లేదు. పొద్దున్న ఆరింటికే వచ్చి, పెయింటు కరిగించే మందు గుడ్డకి పట్టించి గీతలన్నీ తుడిచేశాడట. గీత లేని బండి గేటు దాటకూడదు, ఆయన పెట్టిన నియమమే. మా బావ ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. చేతులు ఒళ్లో ఉన్నాయి. కంప్రెసరు ఆపేసి ఉంది. ఆ షెడ్డు అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు.

"నువ్వెందుకొచ్చావురా, పడుకోమంటే?" అన్నాడు.

"నీకు తెలుసా?" అన్నాను.

"గీకేసి మళ్లీ గీస్తే తెలీదనుకున్నావా? ఇరవై ఆరేళ్లు గీశాను. నీ గీత వంకరగా ఉంటుంది. సాయంత్రం బళ్లు కడిగేటప్పుడు రోజూ లెక్కపెట్టేవాణ్ణి. మొదటి వారం పదకొండు వంకర గీతలు. పోయిన వారం ముప్పై నాలుగు. నా చెయ్యి ఎంత పోయిందో నీ గీతలు చూసి తెలుసుకునేవాణ్ణి."

నాకు ఒళ్లు మండిపోయింది. నడుం నొప్పి కూడా మర్చిపోయాను.

"తెలిసి ఊరుకున్నావా బావా? రెండు నెలలు నన్ను గాడిదలా వంచి చాకిరీ చేయించుకుంటావా? ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"నువ్వు చెప్పావా?"

నేను నడుం పట్టుకుని పక్కనున్న సైకిలుకి ఆనుకున్నాను.

"నువ్వు పైన చూస్తున్నావని ధైర్యంగా గీసేవాణ్ణిరా" అన్నాడు. "తప్పని తెలుసు. పొద్దున్న లేవగానే ఇవాళ చెప్పేద్దాం అనుకునేవాణ్ణి. షెడ్డు తాళం తీశాక రేపు చెబుదాం అనుకునేవాణ్ణి. అలసిపోయాను. ఇవాళ పైన చూసేవాడు లేడు. ఇంక గీయలేను." గొంతు తగ్గించి అన్నాడు. "నువ్వు చూడ్డం మొదలుపెట్టకముందు సంగతి ఆలోచించావా ఎప్పుడైనా?"

ఆలోచించలేదు. ఆలోచించకూడదనే అన్ని బోల్టులు తిప్పాను.

ఆయన లేచాడు. వరసలో నిలబడ్డవాళ్ల వైపు నడిచాడు. అప్పుడు చూశాను, వరస చివర పోస్టావిడ ఉంది. మూడు నెలల తర్వాత మొదటిసారి వచ్చింది. హెల్మెట్టు ఎడమ చేతిలో పట్టుకుంది. కుడి మణికట్టు సన్నగా, పాలిపోయి ఉంది. మా బావ ఆమె ముందు నిలబడ్డాడు. ముప్పై మందీ వింటున్నారు, మేనేజరమ్మా వింటోంది. ఆయనేమీ గొంతు తగ్గించలేదు.

"ఆరోజు నువ్వు పడ్డాక నీ బండిని నేనే విప్పానమ్మా. బారు పట్టే బోల్టుల్లో రెండు వేలితో తిరిగాయి. గీతలు మాత్రం బాగానే ఉన్నాయి. నా చేతికి స్పర్శ పోయింది, టిక్కు వచ్చిందో రాలేదో తెలీకుండానే గీశాను. నువ్వు దూకి నేల తాకగానే బారు తిరిగిపోయింది. తప్పు నీది కాదు."

ఆమె ఆయన చేతుల వైపు చూసింది, తర్వాత మొహం వైపు చూసింది.

"అయితే నేను బ్రేకు సరిగ్గానే పట్టానా?"

"సరిగ్గానే పట్టావు."

"మీరు ఆసుపత్రికి వచ్చినప్పటికే మీకు తెలుసా?"

"తెలుసు."

"బండి పాడుచేశాను, ఏమీ అనుకోకండి అన్నాను."

"అన్నావు. పర్లేదన్నాను."

మా అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమెకి ఇదంతా అప్పుడే తెలుస్తోంది.

"మూడు నెలలు మాస్టారూ" అంది పోస్టావిడ. గొంతు పెంచలేదు, అదే బాగా తగిలింది. "ఉత్తరాలు పంచడానికి పోతుంటే, రోడ్డు మీద ఎక్కడ అంచు దిగాలన్నా సైకిలు దిగి నడిపించుకెళ్లేదాన్ని. నా చేతులు నా మాట వినవు అనుకున్నాను. ఇవాళ వచ్చింది కూడా ఆఖరుగా ఒకసారి దిగేసి, ఇంక మానేద్దామనే. చెయ్యి విరిగితే అతుక్కుంది. ఇదెలా అతుక్కుంటుంది?"

మా బావ నిలబడే ఉన్నాడు. క్షమించమని కూడా అడగలేదు. అడగడానికి మొహం లేదని తర్వాత నాతో అన్నాడు.

ఆమె షెడ్డులోకి నడిచింది. గోడ మీది టిక్కు పానా తీసుకుంది. వరసలో మొదటి సైకిలు దగ్గర మోకాళ్ల మీద కూర్చుంది.

"ఎంతకి పెట్టాలి?"

ఆయన చెప్పాడు. ఆమె పిడి తిప్పి పెట్టుకుంది. తర్వాత ఆయన వైపు చూడకుండానే, "మీ చెయ్యి ఇక్కడ పెట్టండి" అంది. మా బావ పక్కన కూర్చుని, ఆమె చేతి మీదుగా పానా పట్టుకున్నాడు. ఆమె మెల్లగా తిప్పింది. కంప్రెసరు లేదు కాబట్టి నిలబడ్డ మా అందరికీ వినపడింది, టిక్.

"తెలిసిందా?" అంది.

ఆయన తన చెయ్యి వైపు చూసుకున్నాడు.

"లేదమ్మా."

రెండో బోల్టు బిగించింది. మళ్లీ అడిగింది. లేదన్నాడు. నాలుగింటికీ అడిగింది. నాలుగుసార్లూ అదే చెప్పాడు. నాలుగోసారి చెప్పేటప్పటికి ఆయన కళ్లు నిండిపోయాయి. జేబులోంచి తెల్ల పెన్ను తీసి ఆమెకిచ్చాడు. బిగించినవాళ్లే గీయాలి. ఆమె నాలుగు గీతలు గీసింది. అవి నావాటికంటే వంకరగా వచ్చాయి.

ఆరోజు పదకొండు గంటలకి కొండ తెరిచారు. వచ్చినవాళ్లలో పానా పట్టడం తెలిసిన ఇద్దరూ, నేనూ కలిసి పన్నెండు బళ్లు మాత్రం బిగించాం. నేను ముక్కాలిపీట మీద కూర్చునే బిగించాను. పోస్టావిడ మిగతా పద్నాలుగు బోల్టులూ తనే బిగించి, ఆ బండి మీదే కొండ దిగింది. ఆమె కిందికి వచ్చేదాకా మా బావ గేటు దగ్గరే నిలబడ్డాడు. ఆమె వచ్చి బండి ఆయన చేతికిచ్చి, "కడగండి, బురదయింది" అని వెళ్లిపోయింది. క్షమించానని అనలేదు. ఇప్పటిదాకా అనలేదు. ప్రతి శనివారం వస్తుంది, తన బండి తనే బిగించుకుంటుంది.

ట్రక్కు ఇప్పుడు తోటమాలే తోలుతున్నాడు. నా నడుం ఇంక దానికి పనికిరాదు. షెడ్డులో పానా నాది, పెన్ను నాది. మా బావ బళ్లు కడుగుతాడు, షాకుల్లో గాలి చూస్తాడు, గీతలు మాత్రం గీయడు. నావి వంకరగా ఉన్నాయని రోజూ వెక్కిరిస్తాడు. ఎనిమిదిన్నర పాఠం మేనేజరమ్మ ఆయనకే ఉంచింది. అదే పాఠం, అవే మాటలు, తిండి గురించి అదే పాత ముక్క. చివర్లో మాత్రం కొత్తగా ఒకటి చేర్చాడు. అది చెప్పేటప్పుడు నవ్వడు.

"ఎక్కేముందు ముందు చక్రం మోకాళ్ల మధ్య బిగించి పట్టుకుని, హ్యాండిల్ బారు మీద మీ బరువంతా వేసి ఒకసారి నొక్కి చూసుకోండి. దాని మీద తెల్ల గీత కనబడుతుంది. ఆ గీతని నమ్మకండి."

నేను వెనక నిలబడి వింటూ ఉంటాను, చేతిలో పెన్ను పట్టుకుని.